అవ్వ వంతు ఆఠానా

మా ఊళ్లో తప్పును అణాల్లో కొలిచేవారు. నయా పైసలు వచ్చి ఏళ్లు గడిచినా పంచాయితీ దగ్గర మాత్రం పదహారణాల లెక్కే నడిచేది. గట్టు జరిపిన తగాదా అయినా, మేకలు పడి చేను మేసిన తగాదా అయినా, తప్పంతా ఒక్కడి నెత్తిన రుద్దడం మా బాపుకు, అంటే మా నాన్నకు, నచ్చేది కాదు. "రూపాయిల బారానా తప్పు నీది, చారానా వానిది" అని తేల్చేవాడు. బారానా అంటే ముప్పావు, చారానా అంటే పావు. సమానంగా ఉంటే ఇద్దరికీ చెరి ఆఠానా, అంటే సగం. ఓడినవాడికి కూడా తప్పు మొత్తం తనది కాదన్న తృప్తి మిగిలేది. బాపుకు అంత పేరు రావడానికి అదే కారణమని నా అనుమానం.

నాది మొదటి నుంచీ ఊరుకునే నోరు కాదు. "పలిగిన కుండ ఒకటే గద బాపు, పలగ్గొట్టినోళ్లు ఇద్దరెట్లయితరు?" అని బడి చదువు రోజుల్లోనే అడ్డం తగిలేదాన్ని. ఆయన మీసాల్లో నవ్వుకుని, నీకు వకీలు చదువు చెప్పించాలె బిడ్డా అనేవాడు. వకీలు చదువు చెప్పించలేదు. పంతులమ్మ చదువు చదివి లక్సెట్టిపేట బడిలో చేరాను. వాదించే గుణం మాత్రం గోదావరి దాటి నా వెంటే వచ్చింది.

మా ఊరు మెట్‌పల్లికి పోయే రోడ్డు మీద ఉంటుంది. నేను ఏడో ఎనిమిదో చదువుతున్నప్పుడు ఆ రోడ్డుకు తారు పోశారు. అంతకుముందు ఎడ్లబండికి ఎడ్లబండి ఎదురైతే ఇద్దరూ దిగి నాలుగు తిట్లు తిట్టుకుని, ఒకరు బండిని చేనులోకి దింపితే సరిపోయేది. తారు వచ్చాక బస్సులు, లారీలు, జీపులు, స్కూటర్లు వచ్చాయి. వాటి వెనకే కొత్త రకం పంచాయితీలు వచ్చాయి. బండ్లు గుద్దుకుంటే ఎవరిది తప్పో చెప్పడానికి మా ఊరి జనం ఒక సులువు పట్టుకున్నారు: పెద్ద బండిదే తప్పు. బస్సూ జీపూ గుద్దుకుంటే బస్సుది, జీపూ సైకిలూ గుద్దుకుంటే జీపుది, సైకిలు మనిషికి తగిలితే సైకిలుది. ఇంకేమీ చూసేవారు కాదు. పెద్ద బండి నడిపేవాడు దొరికితే ముందు నాలుగు తన్ని, ఆ తర్వాత పేరు అడిగేవారు.

బాపుకు ఇది చూస్తే ఒళ్లు మండిపోయేది. "పెద్దగ ఉండుడు గూడ తప్పేనా? రేపు ఎత్తున్నోడు పొట్టోన్ని తాకితే ఎత్తున్నోన్ని నరుకుతరా?" అని అరిచేవాడు. ఆయన పద్ధతి వేరు. ప్రమాదం జరిగిన చోటికే అందరినీ తీసుకుపోయి, జరిగిందంతా మళ్లీ నడిపించి చూసేవాడు. బండ్లతో కాదు, మనుషులతో. ఒకడు లారీ అయ్యేవాడు, ఒకడు సైకిలు అయ్యేవాడు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి గుద్దుకునేవారు.

ఒకసారి తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకాయన స్కూటరు మీద పోతూ, ముందున్న ఎడ్లబండిలోంచి వెనక్కి పొడుచుకొచ్చిన వెదురు బొంగులకు తగిలి భుజం చీరుకున్నాడు. బాపు బండిరైతు భుజాన బొంగు పెట్టి ముందు నడవమన్నాడు. గుమాస్తాను స్కూటరుగా వెనక రమ్మన్నాడు. "ఆ దినం హారన్ కొట్టిండ్రా సారూ?" అని అడిగితే ఆయన కొట్టానన్నాడు. "అయితే ఇప్పుడు గూడ కొట్టుండ్రి" అన్నాడు బాపు. ఇస్త్రీ చొక్కా, భుజానికి కట్టు, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా ఆయన "పీప్ పీప్" అన్నాడు. మేము ఆడవాళ్లం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. బొంగులకు ఎర్రగుడ్డ కట్టనందుకు బండిరైతుకు బారానా, పక్క చేనుకేసి చూస్తూ నడిపినందుకు స్కూటరుకు చారానా పడింది. గుమాస్తా కూడా ఒప్పుకుని చాయ్ తాగి వెళ్లాడు.

బాపుకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. తప్పు ఆఠానా దాటినవాడిని పోలీసు ఠాణాలో అప్పజెప్పాలి. దాటనివాడిని ఊరే కాపాడి పంపాలి. దీన్ని ఎన్నడూ తప్పలేదు.

ఇక రోడ్డు మీద పంట సంగతి చెప్పాలి. తారు పడ్డాక మా దిక్కు కల్లాలు మూలన పడ్డాయి. పేడతో అలికే పని లేకుండా, నున్నగా, నల్లగా, పొద్దంతా వేడి పట్టి ఉండే రోడ్డు ఇంటి ముందే ఉంటే కల్లం ఎవరికి కావాలి? ఉలవలూ పెసర్లూ కట్టెతో సహా రోడ్డు మీద పరిస్తే బస్సు టైర్లే నూర్చి పెట్టేవి. మక్కలు, అంటే మొక్కజొన్నలు, వలిచి ఆరబోస్తే రెండెండలకే గలగలమనేవి. రోడ్డులో సగం మా వడ్లకూ మక్కలకూ, మిగిలిన సగం సర్కారు బండ్లకు అన్నట్టు ఉండేది. మక్కల మీదికి టైరు ఎక్కకుండా అంచు వెంట పిడికెడంత, తలకాయంత రాళ్లు వరసగా పెట్టేవారు. ఆడవాళ్లు మక్కల్లో పాదాలు ఈడ్చుకుంటూ, చాళ్లు తీసినట్టు తిప్పుతూ నడిచేవారు. అవ్వ అని మేం పిలిచే మా అమ్మ ఆ పనిని చాలా ఇష్టంగా చేసేది. నా పెళ్లి మాటలైనా, బాపు మీద కోపమైనా ఆ చాళ్ల మధ్యే తిరుగుతూ చెప్పుకునేది.

ఎనభైల మొదట్లో, మక్కల కాలంలో, మా పాలివాడు, వరసకు తమ్ముడు ఒకడు, లక్సెట్టిపేట బడికి వచ్చి నన్ను బయటికి పిలిచాడు. మక్కలు తిప్పుతున్న అవ్వను జీపు గుద్దిందని, కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారని చెప్పాడు. బతికే ఉందా అని నేను అడిగేలోపే అతనే "పానానికేం ఫికర్ లేదక్కా, తుంటి ఇరిగింది" అన్నాడు. దవాఖానలో అవ్వ కాలికి బరువు కట్టి మంచానికి వేలాడదీశారు. మందు మత్తులో ఉంది. నన్ను చూసి కళ్లు సగం తెరిచి "మక్కలు ఎత్తిండ్రా?" అని అడిగింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎత్తారని అబద్ధం చెప్పాను. తీరా ఊరికి పోయాక తెలిసింది, అది నిజమే.

నిజానికి చిక్కంతా అక్కడే వచ్చింది. అవ్వను బండి ఎక్కించి పంపగానే మా వాడకట్టు ఆడవాళ్లు చీపుర్లు తెచ్చి, చెదిరిన మక్కలన్నీ ఊడ్చి బస్తాల్లోకి ఎత్తి మా ఇంట్లో పెట్టారు. కష్టంలో ఉన్న ఇంటి గింజ ఒక్కటి కూడా పోకూడదని వాళ్ల ఆరాటం. బాపు చేను నుంచి ఉరికి వచ్చేసరికి రోడ్డు అద్దంలా ఉంది. మక్కలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పోశారో, టైరు ఎక్కడ జారిందో, రాయి ఎక్కడ కదిలిందో, ఒక్క గుర్తు లేదు.

జీపు నడిపిన పిల్లవాడు పారిపోలేదు. మెట్‌పల్లి దగ్గరి నేతపని ఇంటివాడు. ఇరవై దాటి ఉంటాడేమో. జనం నాలుగు దెబ్బలు వేసేలోపే బాపు అడ్డం పడి, అతన్ని చాయ్ హోటల్ వెనక గదిలో కూర్చోబెట్టాడు. నేను ఇంటికి చేరేసరికి ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతున్నారు. జీపు అతివేగంగా వచ్చిందని ఒకరు, బస్సే మీదికి వచ్చిందని ఒకరు, రాయి ఎక్కి స్టీరింగ్ విదిలించిందని ఒకరు. ఎవరి మాట విన్నా అదే నిజమనిపించింది. పక్కవాళ్లు చెప్పింది వినగానే అదీ నిజమే అనిపించింది. నా తల తిరిగిపోయింది.

మరుసటి పొద్దున రోడ్డు మీద జనం నిండారు. చొప్పదండి నుంచి మా మేనమామ వచ్చాడు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి. "బావా, చెల్లె దవాఖానల పడి ఉంటే నీకు గీ నడిచే ఆటలేంది? వాన్ని తీస్కపోయి ఠాణాల పడేస్త" అని ఒంటికాలి మీద లేచాడు. మిగతా పెద్దమనుషులు కూడా ఇది బాపు ఇంటి ముచ్చట కాబట్టి తీర్పు ఇంకెవరైనా చెప్పాలన్నారు. బాపు తల ఊపి పక్కకు జరిగాడు. అంతా సరేననుకున్నారు.

అప్పుడు ఆ పిల్లవాడి తండ్రి ముందుకు వచ్చాడు. ఎండిపోయిన మనిషి, మాట్లాడుతుంటే మధ్యలో దగ్గు వచ్చేది. "పటేలా, దెబ్బ తాకింది నీ ఇంటామెకే. అయినా నువ్వే చెప్పాలె. ఇంకోలు చెప్తే నా కొడుకు పెద్ద బండోడే అయితడు" అన్నాడు. "మరమగ్గాల మీద కూలి గిట్టక వీడు బండి పట్టిండు. ఠాణాల పడితే లైసెన్స్ పోతది, మళ్ల ఎవ్వలు బండియ్యరు. గంతే పటేలా, ఇగ నువ్వు ఏం చెప్తే గది." దెబ్బ తిన్న ఇంటాయననే తీర్పు చెప్పమని అడిగే మనిషిని నేను అంతవరకు చూడలేదు. అది నమ్మకమో, గడుసుతనమో నాకు ఈనాటికీ తేలలేదు. బాపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లోంచి మక్కల బస్తాలు తెప్పించాడు.

మక్కలు రోడ్డుకు ఎడమ సగంలో అందాజుగా పోశారు. అంచు వెంట రాళ్లు పెట్టారు. ఇంకా ఇటు పోశారని ఒకరు, కాదు కొంచెం అటని ఒకరు. హోటలాయన లావుపాటి మనిషి కాబట్టి ఆయన బస్సు. ఆ రోజు బస్సు ఆగకుండా వెళ్లిపోయింది, ఆ డ్రైవరుకు సంగతి తెలుసో లేదో కూడా ఎవరికీ తెలియదు. జీపు పిల్లవాడు జీపు. బాపు నా వైపు తిరిగి "బిడ్డా, నువ్వు అవ్వ జాగల నిలబడు" అన్నాడు.

"అవ్వ ఎక్కడుండెనో ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"ఎక్కడుంటది? మక్కలున్నకాడ ఉంటది. గా నడుమ నిలబడు."

నేను చెప్పులు విడిచి మక్కల్లోకి దిగాను. అవ్వలాగే పాదాలు ఈడుస్తూ రెండు చాళ్లు తీసి ఆగాను. అటు నుంచి హోటలాయన గంభీరంగా మొహం పెట్టుకుని నడిచి వస్తున్నాడు. ఇటు నుంచి ఆ పిల్లవాడు వస్తున్నాడు. మక్కలను తప్పించి కుడి సగంలో నడుస్తున్నవాడు, బస్సు ఎదురు కాగానే మక్కల వైపు తిరిగాడు. రాళ్లు దాటాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "గీడికొచ్చినంక కండ్లు మూసుకున్న పటేలా. బ్రేక్ తొక్కిన. మక్కల మీద బండి ఆగలే. తర్వాత ఏమైందో నాకు తెల్వది" అంటూ కళ్లు మూసుకునే నా వైపు వచ్చి, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఆగాడు.  కొట్టాలన్నంత కోపంతో వచ్చిన నేను అతని మూసిన కళ్లు చూసి చెయ్యి ఎత్తలేకపోయాను.

"ఈ పిలగాడు వచ్చుడు చూసినవా బిడ్డా?" అని బాపు అడిగాడు.

"చూసిన."

"జరిగేటందుకు జాగ ఉన్నదా?"

రోడ్డు నడుమ వైపు రాళ్లు, వాటి అవతల బస్సు. ఇటు తారు అంచు దాటితే మట్టి బాట ఖాళీగా ఉంది. "ఉన్నది" అన్నాను.

"మరి ఎందుకు జరుగలే?"

"నువ్వు నిలబడుమంటివి గద బాపు!"

జనం గొల్లుమని నవ్వారు. బాపు నవ్వలేదు. "జరుగుదామంటే జరుగొచ్చునా, కాదా? గది చెప్పు" అన్నాడు. జరగవచ్చు అన్నాను. వేరే ఏం చెప్పాలి? జాగ నా కళ్ల ముందే ఉంది.

బాపు రోడ్డు అంచున కూర్చున్నాడు. లేచినప్పుడు ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "బస్సోడు జర నిమ్మలంగ వస్తే అయిపోవు. వానిది చారానా. ఈ పిలగాడు బండి నడుపుకుంట కండ్లు మూసిండు. వీనిది చారానా. మిగిలిన ఆఠానా మా ఇంటామెది. రోడ్డు మీద మక్కలు పోసింది, రాళ్లు పెట్టింది, బండి వస్తుంటే చూసి గూడ జరుగలే."

 ఆ వెంటనే గోల మొదలైంది. గోలలో సగం అవ్వ మీద జాలితో కాదు. రోడ్డు మీద పంట పోయడం తప్పంటే ఊళ్లో తప్పు చేయని ఇల్లే లేదు. "అయితే ఇగ మేమందరం నేరస్తులమేనా?" అని నిన్నటిదాకా బాపు మాటకు ఎదురు చెప్పనివాళ్లు కూడా మీద పడ్డారు. మేనమామ మంచినీళ్లు కూడా ముట్టకుండా చొప్పదండి బస్సు ఎక్కాడు. ఎక్కుతూ "నా చెల్లెకు కాలు ఇరగ్గొట్టుకునేటి తెలివి గూడ ఉన్నదన్నమాట" అని నా వైపు చూసి అన్నాడు. ఆ పిల్లవాడి తండ్రి బాపు కాళ్లకు మొక్కబోతే బాపు విదిలించుకున్నాడు. జీపు సాయంత్రంలోపే వెళ్లిపోయింది.

ఇంట్లో బాపుతో నేను పోట్లాడాను. "మక్కలు రోడ్డు మీద పొయ్యుమన్నది నువ్వే గద?"

"పొయ్యుమన్న. బండొస్తే జరుగొద్దని చెప్పిన్నా?"

"అవ్వ అయిందని గట్ల అన్నవ్. ఇంకెవలైనా అయితే ఆఠానా ఏద్దువా?"

"ఇంకెవలైనా అయినా ఏద్దును. నా ఇంటిదని తక్కువ చేస్తే రేపటి నుంచి నా మాట ఎవడింటడు?"

ఆ మాటతో నాకు ఇంకా అయోమయం పెరిగింది. ఆయన నిజంగా లెక్క వేశాడా? తన పేరు కాపాడుకున్నాడా? లేక ఆ పిల్లవాడిని ఠాణా నుంచి తప్పించాలని ముందే అనుకుని, దానికి సరిపడా అణాలు అవ్వ మీద పెట్టాడా? మూడూ కలిసే ఉంటాయా? ఆయననే అడిగాను. "నాకు తోచింది చెప్పిన బిడ్డా" అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు. నిజం చెబుతున్నట్టూ అనిపించలేదు.

అవ్వ ఇంటికి వచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. ఎముక అతికింది కానీ కాలు పొట్టిదైంది. కర్ర లేకుండా గడప దాటలేదు. తీర్పు సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లకు ఆ మొహమాటం లేదు. "నీ పెనిమిటి నీకు ఆఠానా ఏసిండు గదనే" అని మంచం పక్కన కూర్చుని పూస గుచ్చినట్టు చెప్పేశారు.  మాట్లాడితే సగం వాడకట్టుకు వినిపించే అవ్వ రోజుల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే నాకు భయం వేసింది.

ఒక మధ్యాహ్నం బాపు అన్నం తింటున్నాడు. నేను సెలవులకు వచ్చి, పక్కనే కూర్చుని వడ్డిస్తున్నాను. అవ్వ గోడకు ఆనుకుని కాలు చాపుకుని ఉంది. ఉన్నట్టుండి మాట్లాడింది.

"అందర్ని అడిగినవట."

"అడిగిన" అన్నాడు బాపు.

"బస్సు దిక్కు గూడ ఒకాయన నడిచిండట."

"నడిచిండు."

"మరి నన్ను ఎప్పుడు అడుగుతవ్?"

బాపు చెయ్యి కంచంలోనే ఆగింది. "నువ్వు దవాఖానల ఉంటివి గద."

"దవాఖానల నా కాలు కట్టేసిండ్రు. నోరు కట్టెయ్యలే."

"అయితే చెప్పు. ఏమైంది?"

అవ్వ కొంగు సర్దుకుంది. "నేను జరిగిన" అంది. "జీపు చూసిన. రాళ్ల దిక్కు బస్సున్నది. అందుకని మన్ను దిక్కు దుంకిన. గా పిలగాడు నన్ను చూసిండు. నన్ను తప్పియ్యాలెనని వాడు గూడ మన్ను దిక్కే మలిపిండు. వాడు కండ్లు మూసుకునుడు నాకు కనవడ్డది, కానీ మలిపినంకనే మూసుకున్నడు. భయంల వానికి మలిపింది గుర్తులేదేమో. మక్కలల్లనే నిలబడి ఉంటే నాకు ఏం గాకపోవు. నన్ను లేవవట్టింది మన్నులకెల్లి, మక్కలల్ల కాదు. లేవవట్టిన ఆడోళ్లు ఊళ్లెనే ఉన్నరు. వాళ్లను అడిగినవా?"

అడగలేదు. మగవాళ్లు బస్సులూ జీపులూ అయి నడుస్తుంటే ఆ ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వాళ్లను పిలవాలని ఎవరికీ తోచలేదు. మక్కలున్న చోటే అవ్వ ఉంటుందని బాపు అనుకున్నాడు. నన్ను అక్కడ నిలబెట్టి, ఎందుకు కదలలేదని అడిగి, ఆ తప్పు అవ్వకు రాశాడు. ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు ఒకరికొకరు దారి ఇవ్వబోయి ఒకే వైపు జరిగినట్టు అయింది ఆ రోజు. అంతే.

బాపు ఎంగిలి చేత్తోనే లేచాడు. "హోటలాయన్ని పిలుస్త. అందర్ని మళ్ల కూసోవెడ్త. నీ మీది ఆఠానా తీసెయ్యాలె."

"తీసి ఎవలి మీద పెడ్తవ్?" అంది అవ్వ.

బాపు గడప దగ్గర ఆగిపోయాడు.

"బస్సోడు నీకు దొరకడు. దొరికినా ఇంక ఏం ఏస్తవ్ వానికి? ఇగ గా పిలగాడే ఉన్నడు. వానికి ఇప్పటికే చారానా ఉన్నది. నాది గూడ కలిపితే బారానా అయితది. నీ కట్టు ప్రకారం నువ్వే వాన్ని ఠాణాకు పంపాలె. మా అన్న కాసుకోని కూసున్నడు."

"వాడు నిన్ను తప్పియ్యవోయిండు. వానిదేం తప్పు?"

"మరి నాదేం తప్పు?"

 నా నోరు ఊరుకుంటుందా? "రూపాయి నిండకపోతే ఏమైతది బాపు? ఎవలి మీద పెట్టకుండ ఇడిసిపెడితే?" అన్నాను.

బాపు నా వైపు తిరిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. జవాబు తెలియని మనిషిని ఆయనలో నేను అప్పుడే మొదటిసారి చూశాను. "ఎట్ల నిండదు బిడ్డా? కాలు ఇరిగింది గద" అన్నాడు. కాలు విరిగింది కాబట్టి పదహారణాలూ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఉండాలా? ఎవరూ తప్పు చేయకుండా ఒక మనిషి జీవితమంతా కుంటుతుందా? ఆ రోజు నుంచి ఎన్నిసార్లు తల గోక్కున్నానో. బడిలో పిల్లలు కొట్టుకుని నా దగ్గరికి వస్తే ఇద్దరినీ నిలబెట్టి అడిగి, చివరికి ఏమీ తేల్చలేక ఇద్దరినీ పంపేసేదాన్ని.

"ఉండనియ్యి" అంది అవ్వ చివరికి. గొంతులో జాలి లేదు, కోపమే ఉంది. "ఆఠానా నాకాడనే ఉండనియ్యి. ఊరికి చెప్పకు. గా పిలగాని బతుకు మన్ను చెయ్యకు. నీకు మాత్రం తెల్వాలె. నాకు గది చాలు."

బాపు మళ్లీ కంచం ముందు కూర్చోలేదు. బయటికి పోయి ఎప్పటికో వచ్చాడు.

ఊరికి ఆ సంగతి ఎన్నడూ తెలియలేదు. ఆ జీపు పిల్లవాడు మా రోడ్డు మీదే బండి నడిపి ఇల్లు నిలబెట్టుకున్నాడు. అవ్వను కరీంనగర్ చూపించడానికి తీసుకుపోవాలంటే అతనే వచ్చేవాడు. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, కుదుపు తగలకుండా ఎంత మెల్లగా నడిపేవాడంటే వెనకవాళ్లు హారన్లు మోగించి చంపేవారు. ఒకసారి నాతో "పటేల్ దయతోని బయటవడ్డ అక్కా. తప్పు నాదే ఎక్కువని నాకు తెలుసు" అన్నాడు. కాదని చెబుదామనుకున్నాను. కాదంటే ఎవరిది అని అడుగుతాడు. నేను కిటికీలోంచి చేల వైపు చూస్తూ ఊరుకున్నాను. చెప్పి ఉంటే అతనికి మేలు జరిగేదో కీడు జరిగేదో నాకు ఇప్పటికీ తెలియదు.

బాపు బండ్ల పంచాయితీలకు పోవడం మానేశాడు. ఎవరైనా వచ్చి పిలిస్తే "నాకు తెల్వది" అనేవాడు. ఏం తెలియదని వాళ్లు అడిగితే దానికీ అదే జవాబు. పెద్దాయనకు మతి తప్పిందని వాడకట్టు గుసగుసలాడింది. తొంభైలు వచ్చేసరికి ఊళ్లో అణాల లెక్క తెలిసినవాళ్లే తగ్గిపోయారు. పెద్ద బండిదే తప్పన్న మాట మాత్రం మళ్లీ వచ్చింది.

ముసురు పట్టిన రోజుల్లో అవ్వ తుంటి గుంజేది. అప్పుడామె నా కాలు అని అనేది కాదు. "ఇయ్యాల నీ ఆఠానా నొస్తుంది" అని బాపును పిలిచేది. ఆయన ఏ పనిలో ఉన్నా వదిలి, నూనె వేడి చేసుకుని వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చునేవాడు. ఒకసారి నేను ఉన్నప్పుడు, అలా రుద్దుతూ రుద్దుతూ "నొప్పి జర తగ్గిందా? ఎంత తగ్గింది?" అని అడిగాడు.

"తప్పంటే అందరికి పంచితివి" అంది అవ్వ. "నొప్పి నాకొక్కదానికే ఉన్నది. పదహారణాలు."

బాపు ఇంకాస్త నూనె పోసుకుని రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టాడు.